నాకు దక్కని లెక్కల సారు

మా నాయన ఎమ్మిగనూరు హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేవాడు. పదికి మాత్రమే. ఆరు నుంచి తొమ్మిది దాకా చదివేవాళ్లకు ఆయనంటే వరండాలో నడిచిపోయే తెల్ల పంచె, చంకలో పుస్తకం, అంతే. కూతురినైనా నాకూ అంతే. ఇంట్లో లెక్క అడిగితే, "మీ సారును అడుగుపో. ఆయన చెప్పేది నేను చెప్తే ఆయనకు మర్యాద కాదు" అనేవాడు. పదికి వచ్చాక చూద్దాంలే అని నేనూ పంతంగా కాచుకున్నాను.

అంతగా కాచుకోవడానికి కారణం ఉంది. ఆయన బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఎక్కడో ఒకచోట కావాలనే తప్పు వేసేవాడు. వేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోయేవాడు. పట్టుకున్నవాళ్లు లేచి "సార్, తప్పు" అనాలి. అన్నవాళ్ల చేతికి సుద్దముక్క ఇచ్చి, తాను పోయి వాళ్ల చోట బెంచీ మీద కూర్చునేవాడు. మిగతా లెక్క వాళ్లే పూర్తిచేయాలి. మా తొమ్మిదికీ పదికీ మధ్య చెక్క అడ్డం ఒక్కటే ఉండేది. అవతల మగ్గాల ఇళ్ల పిల్లలు "సార్, తప్పు!" అని అరవడం, వెంటనే క్లాసంతా నవ్వడం మాకు వినబడేది. నాకు కడుపు మండిపోయేది. మా నాయన తప్పు పట్టే భాగ్యం ఊళ్లో అందరికీ ఉంది, నాకు తప్ప.

నేను తొమ్మిదిలో ఉండగానే ఎమ్మెల్యే ఎన్నికలొచ్చాయి. ఆయన దగ్గర చదువుకుని ఆదోని పత్తి మార్కెట్లో స్థిరపడినవాళ్లు, మా ఊరి పెద్దలు కలిసి ఇంటికొచ్చారు.

"సార్, మీరు నిలబడితే సాలు. ఇల్లిల్లూ తిరిగేది మేము" అన్నారు.

బడి కమిటీవాళ్లు కూడా సెలవిచ్చారు. ఓడిపోతే జూన్‌లో మళ్లీ వచ్చి చేరమన్నారు. అందరూ పోయాక నేను వంటింటి గడప మీద నిలబడి అడిగాను.

"నాయనా, జూన్‌కు నేను పదికి వస్తాను కదా?"

"ఓడితే ఈడనే ఉండి చెప్తా. గెలిస్తే శనివారం శనివారం వచ్చి చెప్తా. నీకేమి నష్టమమ్మా?" అని నవ్వాడు.

ఓట్లకు ముందు అమ్మ నన్ను ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయింది. ఆయన గెలవాలని పొర్లుదండాలు పెట్టింది. నేను పక్కనే కళ్లు మూసుకుని, ఆయన ఓడిపోవాలని మొక్కాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. స్వామి అమ్మ మాటే విన్నాడు.

ఆ తర్వాత ఇంటి ముందు జీపు, అరుగు నిండా జనం. బోరింగు చెడిపోయిందని, ట్రాన్స్‌ఫర్ కావాలని, బస్సు ఊళ్లోకి రావడం లేదని అర్జీలు. శనివారాలు రాకపోలేదు. ఒకటి కోడుమూరు మీటింగుకు, ఒకటి ఆదోనిలో పెళ్లికి, మిగిలినవి హైదరాబాదుకు పోయాయి. ఒక్క శనివారం మాత్రం నిజంగానే మా బడికి వచ్చాడు. నేను నోటుబుక్కులో కొత్త పేజీ తీసి మార్జిన్ గీసి పెట్టుకున్నాను. తీరా చూస్తే మమ్మల్ని గేటు దగ్గర రెండు వరసల్లో నిలబెట్టారు. కూతురిని కదా అని దండ నా చేతికే ఇచ్చారు. వేశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు, వెనకనుంచి జనం తోసుకొస్తుంటే ముందుకు కదిలిపోయాడు. మైకులో అరగంట మాట్లాడి జీపెక్కాడు. మాకు లెక్కలకు వేరే సారు వచ్చాడు. పాపం, ఆయన ఒక్క తప్పు కూడా చేసేవాడు కాదు.

ఐదేళ్లకు మా నాయన ఓడిపోయాడు. నా మొక్కు స్వామికి అంత ఆలస్యంగా అందిందేమో అనుకున్నాను. నవ్వు మాత్రం రాలేదు. బడిలో ఆయన చోటు ఎప్పుడో నిండిపోయింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, ఎవరూ రాని అరుగు మీద కూర్చునేవాడు. చూడలేక నేను పెరట్లోకి పోయేదాన్ని.

అప్పటికి నేను ట్రైనింగ్ ముగించి నందవరం దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేరాను. మా ఏడో తరగతికి ఒక్క పీరియడ్ లెక్కలు చెప్పి పొమ్మని ఆయనను అడిగాను. పిల్లల కోసమన్నాను. పిల్లల కోసం కాదు. హెడ్మాస్టరుతో మాట్లాడి వెనక బెంచీలో నాకు చోటు పెట్టుకున్నాను. ఇరవై దాటినదాన్ని, సిగ్గులేకుండా కొత్త నోటుబుక్కు కూడా కొనుక్కున్నాను.

ఆయన బస్సు దిగి వచ్చాడు. క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలు లేచి "నమస్తే సార్" అన్నారు. ఆయన కూర్చోమనలేదు. రెండు చేతులూ పైకెత్తి జోడించాడు. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి ముందు వంగి దండం పెట్టుకుంటూ వచ్చాడు.

"ఎవరి పాపవమ్మా నువ్వు? మీ వీధికి నీళ్లు వస్తాండాయా?"

"యాడ సార్, బోరింగు సెడిపోయింది" అంది ఆ పిల్ల.

ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఆ కాగితం తీసుకుపోయి ఎవరికి ఇవ్వాలో ఆయనకూ తెలియదు. పిల్లలకు హుషారొచ్చింది, ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఆయన అన్నీ రాసుకుంటూ వెనక బెంచీ దాకా వచ్చి, ముఖం చూడకుండానే నాకూ చేతులు జోడించాడు. జోడించాక చూశాడు. చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఆయన తప్పు పట్టడానికి ఎన్నేళ్లు కాచుకున్నాను! ఆ పూట "సార్, తప్పు" అనకుండా నోటుబుక్కు మూసేశాను.

గబగబా బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క అందుకున్నాడు. గంట కొట్టేశారు.

"ఇంకొక దినం చెప్తాలేమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయనను బస్సెక్కించి వచ్చాను. ముందు బెంచీ పిల్ల అడిగింది, "టీచర్, మళ్లా ఓట్లొచ్చినాయా?"

"లేదు. ఆయన లెక్కల సారు. నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పినాడు" అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు.