సర్కారు తాడు

మా ఊళ్ళో వానలు తప్పుతాయి గానీ అనుమానం పంట ఏ ఏడూ తప్పదు. కోసిగి పక్కన మెట్ట ఊరు మాది. కొత్తమనిషి కనబడితే "ఏమప్పా, యాడిది ఊరు?" అని అడగడానికి ముందే అతని చేతిలో ఏముందో చూస్తాం.

అట్లాంటి ఊరినుంచి కాలేజీకి పోయిన మొదటివాడు మా గోపన్న పెద్దనాయన కొడుకు చిన్న ఈరన్న. కర్నూల్లో గుడారాలు వేసి రాజధాని నడుపుతున్న రోజులవి. ఇంటర్ మొదటి ఏడు అవుతూనే వాడికొక పిచ్చి పట్టింది. వేసవి సెలవుల్లో ఎవరైనా సైన్సు సారు దగ్గర పరిశోధన పని చేయాలట. కెమిస్ట్రీ సారును అడిగితే "మార్కుల కోసమా?" అన్నాడు. ఫిజిక్సు సారు గాజుసామాన్ల బీరువాకు తాళం వేసి, పడిందో లేదోనని లాగి చూశాడు. కూలి అడగకుండా పని చేస్తానన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

చివరికి భూగర్భశాస్త్రం చెప్పే జ్ఞానరాజు సారు ఒప్పుకున్నాడు. కరువు నేలల్లో బావినీళ్ళు ఎండాకాలం ఎంత లోతుకు దిగుతాయో ఆయన పరిశోధిస్తున్నాడు. "మొదటేడు పిల్లల్ని ఎవరూ తీసుకోరు. నీ కొలతలు సరిగ్గా ఉంటే వచ్చే ఏడూ నాతో ఉంటావు. చెట్టుకింద కూర్చుని రాశావని తెలిస్తే మాత్రం మళ్ళీ నా గడప తొక్కొద్దు" అని, అడుగడుగుకూ ఎర్రగుడ్డ కట్టిన తాడొకటి చేతికిచ్చాడు. దాని కొసకు ఇనుప గుండు. ఆ తాడు భుజాన వేసుకుని చిన్న ఈరన్న ఊళ్ళో దిగాడు. పెళ్ళికొడుకు కూడా అంత మురిసిపోడు.

ఊరు వాడి మొహం చూడలేదు, తాడునే చూసింది.

"రాజధాని నుంచి తాడు ఊరికే వస్తాదా?" అన్నాడు ఉల్లితోట సుంకప్ప. "బావిలో నీళ్ళు శానా ఉండాయని రాసుకున్నారనుకో, మన మెట్ట కాస్తా మాగాణి అయితాది. ఆ శిస్తు ఎవరు కడతారప్పా?"

నిజమేననిపించింది అందరికీ. ఎవరి బావి కొలవాలన్నా ముందురోజే పోయి చెప్పి రావడం చిన్న ఈరన్న మర్యాద. ఆ మర్యాదే వాడి కొంప ముంచింది. వాడు చెప్పిన బావిమీద తెల్లారకముందే నీళ్ళు తోడే కపిల కట్టేవారు. ఎద్దులు రొప్పేదాకా తోలి, తోలుబానలో బురద వచ్చేదాకా తోడేసేవారు. తర్వాత వాడు వస్తే, "సూడప్పా, తాగేదానికీ లేవు" అని నిట్టూర్చేవారు. వాడు పాపం జాలిపడుతూ కొలుచుకునేవాడు.

జ్ఞానరాజు సారు ఆ కొలతలు చూసి కళ్ళద్దాలు తీశాడు. "మీ ఊళ్ళో ఎండాకాలం కూడా ఉల్లిగడ్డ పండుతుందని నువ్వే చెప్పావు. ఈ నీళ్ళతో పండేది ఉల్లిగడ్డా, రాళ్ళా?"

"కొలిచే రాశాను సార్."

"మీ నాన్న బావి ఇంకా కొలవలేదు కదా. నేనే వస్తాను. ఈ కొలతలకూ దానికీ తేడా వచ్చిందా, నీకూ నాకూ చెల్లు."

చిన్న ఈరన్నకు ప్రాణం లేచి వచ్చింది. ఊరంతా దొంగచూపులు చూసినా నాయన నాయనే కదా! సారు ఎప్పుడు వస్తున్నాడో ఇంటికి ముందే కబురు పెట్టాడు.

వాళ్ళిద్దరూ బస్సు దిగి చేనికి పోతుంటే సుంకప్పా నేనూ వెనకే నడిచాం. కాలవలో పారిన నీళ్ళు ఇంకా ఇంకలేదు. ఎద్దుల నోట నురగ. బాన నుంచి బురద కారుతోంది. పెద్దనాయన ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టిస్తున్నాడు.

చిన్న ఈరన్న తండ్రి వైపు తిరిగాడు. "నువ్వు గూడానా నాయనా?"

"నువ్వు నా కొడుకువేరా," అన్నాడు పెద్దనాయన. "ఆ తాడు సర్కారుది."

సారు బావిలోకి తొంగి చూశాడు. "మిగతా బావులూ ఇట్లాగే తోడారా? లేక మీవాడు కొలవకుండానే రాశాడా?"

వద్దన్నట్టు సుంకప్ప తల ఊపాడు. పెద్దనాయన సుంకప్పను చూశాడు, కొడుకును చూశాడు. బీడీ పారేశాడు.

"మావోడు అబద్ధం రాయడు సారూ. ఊరంతా మేమే తోడినాం. శిస్తు ఎంతైనా ఏసుకోండి, వాణ్ణి మాత్రం పంపించేయొద్దు."

సుంకప్ప ఉమ్మేసి వెళ్ళిపోయాడు. సారు శిస్తు మాటే ఎత్తలేదు. కొన్నాళ్ళాగి, చెప్పాపెట్టకుండా వచ్చి బావులన్నీ మళ్ళీ కొలిపించాడు. మరుసటి ఏడూ చిన్న ఈరన్ననే పిలిచాడు. శిస్తు పెరగనే లేదు. ఎందుకు పెరగలేదో అని మా ఊరు ఇప్పటికీ అనుమానపడుతోంది.

డిగ్రీ పూర్తయ్యాక చిన్న ఈరన్నకు బావులు కొలిచే సర్కారు ఉద్యోగమే వచ్చింది. ఆ కబురు పంపి ఇంటికి వచ్చినరోజు పెద్దనాయన వాణ్ణి కావిలించుకుని ఏడ్చాడు. ఊరంతా బెల్లం పంచాడు. వాడూ నేనూ స్నానానికని చేనిబావికి పోయాం. మెట్లన్నీ దిగితే చెంబు మునిగేంత నీళ్ళు లేవు. కపిల తాడు ఇంకా తడిగానే ఉంది.

వాడు ఆ బురద అంచునే కూర్చుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పైనుంచి పెద్దనాయన కేక వినబడింది.

"ఈ ఏడు నీళ్ళు శానా తక్కువప్పా!"