తీసిచూడు మేడం

తీసిచూడు మేడంకి లోకంలో ఏ వస్తువు మీదా ఊరికే నమ్మకం కుదరదు. అది ఎందుకుందో తెలియాలంటే తీసి చూడాలి. తీసేశాక ఏదైనా ఆగిపోతే అది కావలసిన సరుకు, ఆగకపోతే దండగ.

తప్పు ఆవిడది కాదు, వృత్తిది. బ్యాక్టీరియా ఒంట్లో రైబోజోమ్ అని ఓ బుల్లి యంత్రం ఉంటుంది. కణానికి కావలసిన ప్రొటీన్లన్నీ తయారుచేసేది అదే. ఆ యంత్రానికే మళ్ళీ యాభై చిల్లర ప్రొటీన్లు అతుక్కుని ఉంటాయి. ప్రొటీన్ గొలుసు అల్లే అసలు పని ఆ యంత్రంలోని ఆర్ఎన్ఏ చేస్తుంటే, పెళ్ళింట్లో చుట్టాల్లా చేరిన వీళ్ళలో పనిచేసేదెవరు, ఊరికే కూర్చున్నదెవరు? మేడం ఏళ్ళ తరబడి ఒక్కొక్కదాన్నీ తీసి చూస్తోంది. కొన్ని తీస్తే బ్యాక్టీరియా చస్తుంది. కొన్ని తీస్తే చావదు గానీ, ఈసురోమంటూ పెరుగుతుంది.

ఈ అలవాటు ఇంటికీ పాకింది.

“ఏమోయ్, కూరలో ఉప్పు లేదు,” అనేవారు భర్త.

“తెలిసిపోయిందా! అయితే ఉప్పు ఉండాల్సిందే,” అని ఆవిడ తెగ సంబరపడేది.

ఓసారి ఆయన కళ్ళజోడులో ఒక అద్దం తీసేసింది. పాపం, ఆయన చాలా రోజులు మెడనొప్పి అనుకుంటూ తల పక్కకి వంచి పేపరు చదివారు. చివరికి ఆయన్నే తీసి చూద్దామని ఆడపడుచు ఇంటికి పంపింది. మర్నాడు పొద్దున్నే ఫోను.

“వచ్చేయండి. ప్రయోగం అయిపోయింది. గీజర్ స్విచ్ ఎక్కడుందో దొరకడం లేదు.”

ఇలాంటి మేడం దగ్గర పరిశోధన చేస్తోంది నత్తమ్మ. ల్యాబులో పెట్టిన పేరే అయినా అతికినట్టు సరిపోయింది. అందరూ టీ తాగి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా చేతి తొడుగులు వేసుకుంటూ ఉండేది. అందుకే, ల్యాబులో ఒకరిని తగ్గించాలని సంస్థ పెద్దసారు అనగానే అందరి కళ్ళూ అటే తిరిగాయి.

“ఆ అమ్మాయి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే,” అన్నారు పెద్దసారు.

మేడం కళ్ళు మెరిశాయి. “నోటిమాటకేం సార్! ఓ వారం తీసి చూద్దాం.”

అడ్డుపడుతుందనుకున్న మనిషే నత్తమ్మను ఉప్పుతో సమానం చేసేసింది.

“నాలుగేళ్ళ పని, మేడం! పంపించేస్తే ఇంకెక్కడ చేర్చుకుంటారు?”

“వెళ్ళి హాయిగా నిద్రపో. నీ బ్యాక్టీరియా ప్లేట్లు జెట్ చూసుకుంటాడులే.”

జెట్ అంటే పక్క బల్ల పరిశోధకుడు. మెట్లు మూడేసి ఎక్కుతాడు, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే జవాబు చెబుతాడు.

నత్తమ్మ ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంటే, వారం తిరక్కుండానే పెద్దసారు స్వయంగా ఫోన్ చేశారు. పరుగున వెళ్ళేసరికి ల్యాబులో జెట్ తల వేలాడేసుకుని నిలబడ్డాడు.

“నిన్న మేడం నత్తమ్మ బ్యాక్టీరియా వేసి ఇచ్చిన ప్లేట్లలో పొద్దున చూస్తే ఏమీ మొలవలేదు సార్. చచ్చాయనుకుని ఆవిరి యంత్రంలో ఉడకబెట్టేశాను.”

“ఒక్క రాత్రికి మొలుస్తాయా?” మేడం అగ్గిమీద గుగ్గిలమైంది. “ప్రొటీన్ పోగొట్టుకున్న ప్రాణులయ్యా అవి! రోజుల తరబడి ఆగాలి. ఇక్కడ ఆగడం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ ఒక్కదాన్నే తీసేశారు!”

పెద్దసారు నుదురు తుడుచుకున్నారు. “సరేనమ్మా, ఆ అమ్మాయి ఎక్కడికీ వెళ్ళదు. ఇకమీదట తనని అడక్కుండా ఎవరూ ఏదీ పారెయ్యకండి.”

చోటు దక్కింది గానీ, బ్యాక్టీరియా పోయింది. నత్తమ్మకి ఏడుపు ఆగలేదు. మేడం ఆ అమ్మాయిని రెక్క పుచ్చుకుని తన గదిలోకి లాక్కెళ్ళి, తలుపు వేసి, మూలన బ్యాక్టీరియాని వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ పెట్టె తెరిచింది. లోపల నత్తమ్మ చేతిరాతతో ప్లేట్లు, వాటి నిండా నూకల్లాంటి తెల్లటి చుక్కలు ఉన్నాయి.

“మరి జెట్ ఉడకబెట్టినవి?”

“ఉత్త ప్లేట్లు. వాటిలో నేనేమీ వెయ్యందే ఏం మొలుస్తుంది! వాడు ఆగడని నాకు తెలుసు.”

“మేడం! దొంగ ప్రయోగమా?”

“మెల్లిగా అనవే!” మేడం ముఖం ఎర్రబడింది. “ఇన్ని తీసి చూశాను గానీ, నిన్ను నిజంగా తీసి చూసే ధైర్యం లేకపోయిందే. ఏమీ ఆగకపోతే వాళ్ళకేం చెప్పను? ఆగినా ఆగకపోయినా నువ్వు నాకు కావాలి.”

నత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈలోగా మేడం చెయ్యి ప్లేట్ల మీదికి వెళ్ళింది.

“ఇప్పుడే బయటికి తీసి లెక్కపెట్టేద్దామా?”

“వద్దు మేడం. ఇంకో రోజు ఆగాలి.”

మేడం బుద్ధిగా ఇంక్యుబేటర్ మూసేసింది.