మెరక గొట్టం చూడకుండానే రాసిన అంకె

మూడేళ్ల కిందటి రబీలో, కోట మండలంలోని ఒక ఊళ్లో, వరికి నీళ్ల పొదుపు నేర్పే చిన్న సంస్థలో క్షేత్ర సహాయకురాలిగా చేరాను. రెండు పంటలయ్యాక మానేశాను. ఇది మొదటి పంట నాటి సంగతి.

మా పద్ధతి ఆరుతడి. చిల్లులున్న అడుగు పొడవు గొట్టాన్ని వరి కయ్యలో సగం పాతుతాం. అందులో నీళ్లు నేలకు ఆరంగుళాల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. కయ్యకు రెండు గొట్టాలు: పల్లంలో ఒకటి, మెరకలో ఒకటి. రెండూ చూసి రిజిస్టరులో రాయాలి.

రమణమ్మక్క కౌలుకు చేసే కయ్యలో మెరక గొట్టం మోటారు షెడ్డు ముందర ఉండేది. అక్కడ కూర్చునే మగవాళ్లు నన్ను చూడగానే, "గొట్టం మేడమొచ్చింది రోయ్! లోపల రొయ్యలేమన్నా పడినాయా మేడం?" అనేవాళ్లు. అందులో చెడేం లేదు. నాకే సిగ్గు. రోడ్డు పక్కనున్న పల్లం గొట్టం చూసి, ఆ అంకెనే రెండు గళ్లలోనూ రాసేదాన్ని.

పైరు పొట్టకొచ్చే ముందు రమణమ్మక్క ఫోన్ చేసింది.

"మెరకలో నెర్రెలిస్తా ఉంది పాపా. నీళ్లు పెట్టేదా?"

"గొట్టంలో ఇంకా ఉన్నాయక్కా. మూడు రోజులాగు."

"గొట్టంలో ఉంటే నా పైరుకొచ్చిందేముంది? ఒకసారి వచ్చి చూడరాదా?"

వస్తానన్నాను. వెళ్లలేదు.

ఆ కయ్యది నల్లరేగడి. అందులో బంకమన్ను ఎక్కువ. సన్నటి రేణువుల మధ్య నీరు ఆరేకొద్దీ అవి దగ్గరికి జరుగుతాయి. నేల ముందు కిందికి కుంగుతుంది, తర్వాత పక్కలకు ముడుచుకుంటూ చీలుతుంది. దానితో వేళ్లూ తెగుతాయి. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

నాలుగో రోజు పెట్టిన నీళ్లు మెరకలో నిలవలేదు. నెర్రెల్లో దిగి, గట్టు కిందుగా మురుగుకాలవలోకి పోయాయి. ఆ సగంలో వెన్నులు తాలు పోయాయి.

సూపర్‌వైజర్ గారు వచ్చి రిజిస్టరు చూశారు. "రికార్డు సరిగ్గానే ఉందమ్మా. నీళ్లు కట్టడంలో నువ్వే ఏమరినట్టున్నావు" అని రమణమ్మక్కతో అన్నారు.

రమణమ్మక్క నా వైపు తిరిగింది. "పాపా, మెరకలో చూసే రాసినావు గదా?"

"చూశానక్కా."

"అయితే నాదే తప్పేమోలే సార్" అంది.

మాట వినని రైతు కింద ఆమె పేరును పథకంలోంచి తీసేశారు. నేను ఉద్యోగంలో ఉన్న మిగతా రోజుల్లోనూ ఆ మాట సరిదిద్దలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పగలిగింది ఒకటే. చూడని గొట్టం గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీగా ఉంటే పైవాళ్లు ఎందుకని అడుగుతారు. నింపేస్తే, రైతు చెప్పేది వినేవాళ్లుండరు.