కేబుల్ తీసేయమన్న అమ్మాయి

1998 మార్చి. బళేపేట సందుల్లో నేను కేబుల్ టీవీ నడిపేవాణ్ణి. పరీక్షలొస్తే చాలు, పిల్లలు టీవీకి అతుక్కుపోతున్నారంటూ, కనెక్షన్ తీసేయమని అమ్మానాన్నలు నా వెంటపడేవారు. నేను మిద్దెక్కి ట్యాప్ నుంచి, అంటే ఒక్కో ఇంటికి లైను చీలే చిన్న డబ్బా నుంచి, వాళ్ల వైరు ఊడదీసేవాణ్ణి.

ఆ ఏడు మాత్రం ఆ మాట అడగడానికి పదో తరగతి చదివే సుధ వచ్చింది.

"అన్నా, మా ఇంటి కేబుల్ తీసేయన్నా."

"అంతగా చూస్తాండావా టీవీ?"

"నేనెక్కడ చూసేది? మా అవ్వ, మా నాయన! ఉండేది ఒకటే రూము. సాయంత్రమంతా సీరియళ్లు, లేదంటే క్రికెట్టు. చెప్తే వినరు. హిస్టరీ ఒక్క ముక్క ఎక్కలేదు. ఫెయిలైతే చదువు మాన్పిస్తారన్నా."

నవ్వబోయినవాణ్ణి, ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయాను. ఆ మధ్యాహ్నమే వైరు తీసేశాను.

మర్నాటి నుంచి వాళ్ల నాన్న ఫోన్లు. "ఏమప్పా, బొమ్మే రాలేదు!"

"లైన్లో ఫాల్ట్ ఉండాదన్నా, చూస్తాండా" అని నెట్టుకొచ్చాను. ఆయన విసిగి, మ్యాచ్‌లకు స్నేహితుడింటికి పోవడం మొదలుపెట్టాడు. అవ్వ పొద్దుపోక సుధ పక్కన చేరింది. రాజుల యుద్ధాలు సుధ కథగా చెబుతుంటే, "మళ్లా ఏమాయె?" అని వదలకుండా అడిగేదట. అవ్వకు చెప్పీ చెప్పీ సుధకు పాఠాలన్నీ నోటికొచ్చేశాయి.

పరీక్షలయ్యాక లైను కలిపి, బొమ్మ సరిగా వస్తోందో లేదో చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. అవ్వ కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించింది.

"నువ్వు వైరు పీకేది ఆ పొద్దే చూసినానప్పా."

"మరి అడగలేదేం అవ్వా?"

"బిడ్డ చదువుకుంటా ఉండాది కదా, సుమ్నే ఊరుకున్నా. నా కొడుక్కు చెప్పొద్దు."

పక్కనే ఉన్న సుధ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. ఫలితాలొచ్చిన రోజు అవ్వే నాకు మైసూర్‌పాక్ తెచ్చింది. హిస్టరీలో తానే పాసైనంత సంబరం ఆమెది.

తర్వాతి రోజుల్లో నేను ఇంటర్నెట్ లైన్లు కూడా ఇచ్చాను. పిల్లలు సీరియళ్లు వదిలి చాటింగులకు, గేములకు మళ్లారు. అమ్మానాన్నలు మాత్రం అదే మాట మీద వచ్చేవారు: "మావాడు కంప్యూటర్ వదలడు, నెట్ కట్ చేయప్పా." కానీ సుధ సంగతి చూశాక, ఎవరొచ్చి అడిగినా వాళ్ల పిల్లల్ని కూడా పిలిచి అడగందే నేను వైరు ముట్టలేదు. "రాత్రంతా దాని ముందు కూచునేది మా నాయనే" అని పిల్లలు నోరు విప్పితే చాలు, ఎక్కువసార్లు నాన్నలే నవ్వుకుంటూ వెనక్కి తిరిగేవారు.