మొహానికి కట్టిన గుడ్డ

సైదాబీ నోటికి భయపడని రైతు మా ఊళ్ళో లేడు. పెదనందిపాడు చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. ఎర్రకాయలో తెల్లబారిన తాలుకాయ ఒక్కటి కలిసినా తన మనుషుల్ని తిడుతుంది. కూలి ఒకపూట ఆలస్యమైతే రైతు ఇంటి ముందు నిలబడి, వాడి తాతల దగ్గర నుంచి మొదలుపెడుతుంది. మనిషి ఎండిపోయి సన్నగా ఉంటుంది గానీ గొంతు మాత్రం నాలుగు కల్లాల అవతలికి వినిపిస్తుంది.

ఆమె ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా గుంటలున్నాయి. అక్కడ కండ లేదు. "కుక్క కరిచిందటగా పిన్నీ" అని ఎవరైనా జాలిపడ్డారో, ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"కుక్క కరవలేదు. కోటేష్ కరిచాడు" అంటుంది.

ఆ మాట నిజమే. పక్క కల్లం నాదే కాబట్టి నాకు తెలుసు.

కోటేష్‌ది మూడెకరాల సొంత పొలం, ఆపైన కౌలు. మిరప ధర బాగా పలికిన ఏడాది, గుంటూరు యార్డుకు పంపుదామని కుట్టిపెట్టిన టిక్కీ బస్తాలను ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. ఏడాది కష్టం అది. మనిషి అన్నం మానేశాడు. అందుకు నేనూ బాధపడ్డాను, అబద్ధం ఎందుకు? ఆ తరువాత ఒంగోలు వెళ్ళి ఒక రాట్‌వీలర్ ఆడకుక్కను కొనుక్కొచ్చాడు. నల్లటి ఒళ్ళు, ఇంత తల. పేరు రాణి. పేరుకే రాణి, దాని బతుకు మాత్రం పగవాడికి కూడా వద్దు.

దానికి కోపం నేర్పాలని కోటేష్ పంతం. ఒంటికి పాత గోనెసంచి తగిలించుకుని, కళ్ళు తప్ప మొహమంతా తువ్వాలు చుట్టుకుని, చేతికర్రతో షెడ్డులోకి వెళ్ళేవాడు. గొలుసుకు కట్టేసి ఉన్న కుక్కను వీపు మీద, మూతి మీద, కాళ్ళ మీద బాదేవాడు. అది మూలకు నక్కితే కర్రతో పొడిచి లేపేవాడు. అరిచి, అరిచి, చివరికి మీదకు దూకేదాకా వదిలేవాడు కాదు. అప్పుడు బయటికొచ్చి, షెడ్డు వెనక తువ్వాలూ గోనె విప్పేసి, చేతులు కడుక్కుని, కోడి కాళ్ళూ తలకాయలూ కలిపిన అన్నం గిన్నెతో వెళ్ళేవాడు. అది వణుకుతూనే తోక ఊపి తినేది. కుక్కకు వాసన తెలియదా అని నన్ను అడక్కండి. మనిషికే ఊపిరాడని మిరప ఘాటులో, తన నెత్తురు తానే మింగుతున్న జంతువుకు ఏం వాసన తెలుస్తుంది?

సైదాబీ ఒకరోజు మా కల్లంలో నుంచే కేక పెట్టింది. "ఏంది కోటేషూ, నోరు లేని దాన్ని అట్టా చావబాదుతున్నావు?"

"బాదటం కాదు పిన్నీ, ట్రైనింగ్! దొంగ మొహానికి గుడ్డ కట్టుకునే గదా వచ్చేది. గుడ్డ కట్టినోడు కనపడితే చాలు, పీక పట్టాలి."

"నీ ట్రైనింగ్ తగలబడ! ఆ కర్ర నీ వీపున పడితే తెలుస్తుంది" అని తిట్టి, జారిపోతున్న గుడ్డను మళ్ళీ ముక్కు మీదకు లాక్కుని, కాయలు ఏరుకుంది. ఘాటు తట్టుకోవడానికి ఆమె ముఠాలో ప్రతి మనిషీ మొహానికి గుడ్డ కట్టుకుని పని చేస్తుంది. కల్లంలో అడుగుపెట్టే ఎవరైనా అంతే. అతని మాట విన్నవాళ్ళం అంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. రోజూ కట్టుకునే గుడ్డ గురించి ఎవరు ఆలోచిస్తారు?

పశువుల డాక్టరు క్రిస్టీనా గారు ఊళ్ళోకి వచ్చి కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేసినప్పుడు కోటేష్ షెడ్డు తలుపు తియ్యలేదు. "సూది పడితే పౌరుషం చచ్చిద్ది మేడం" అన్నాడు. రెండేళ్ళలో దాన్ని మూడుసార్లు ఈనించాడు. ఎముకలు తేలాయి, ఈసారికి వదిలెయ్యమని ఆవిడ చెబితే, కొన్న డబ్బు రావొద్దా అన్నాడు. కళ్ళు సరిగా తెరవని పిల్లల్ని బుట్టలో పెట్టుకుపోయి అమ్మేవాడు. పాలు గడ్డకట్టి రొమ్ములు వాచిపోయి అది రాత్రంతా మూలుగుతుంటే మా పాలేరు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. సైదాబీ మాత్రం మధ్యాహ్నం తన అన్నంలో ముద్ద తీసి, మొహం మీది గుడ్డ దించి, "తినవే తల్లీ" అని షెడ్డు కంతలోంచి పడేసేది.

మార్చిలో ఒక తెల్లవారుజామున జరిగింది అది. మర్నాటికి లారీ వస్తుందని, తొందరగా రమ్మని ముఠాకు కోటేషే కబురు పెట్టాడు. రాత్రిపూట కుక్కను వదిలేసి పొద్దున్నే కట్టేస్తాడు. ఆ రోజు కట్టెయ్యకుండా టీకి సెంటర్‌కు పోయాడు. ఆడవాళ్ళు మొహాలకు గుడ్డలు బిగించుకుని కబుర్లాడుకుంటూ కల్లంలోకి నడిచారు. అందరికంటే ముందు సైదాబీ కూతురు హీనా ఉంది. పొన్నూరులో డిగ్రీ చదువుతూ సెలవుల్లో తల్లికి సాయం వచ్చే పిల్ల.

కుక్క మొరగలేదు. మొరిగి ఉంటే పరుగెత్తేవాళ్ళు. కాయల రాశి మీద కప్పిన పట్టా వెనక నుంచి వచ్చి నేరుగా హీనా మీద పడింది. పిల్ల వెల్లకిలా కాయల రాశిలో కూలిపోయింది. దాని పళ్ళు గుడ్డతో పాటు చెంపలో దిగాయి. విదిలించింది. నేను మా కల్లంలో నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఎర్రటి కాయల మీద నెత్తురు ఏదో కాయ ఏదో తెలియడం లేదు. పిల్ల అరుపు నోట్లోంచి కాదు, చెంపకు పడ్డ చీలికలోంచి వస్తున్నట్టు ఉంది. పుండులో కారం పడి ఆ పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టుకుంటోంది.

సైదాబీ బుట్టతో కుక్క నెత్తిన కొట్టింది. బుట్ట విరిగింది. పిడికిళ్ళతో గుద్దింది, చెవి పట్టి మెలితిప్పింది. అది హీనాను వదిలి ఈమె చెయ్యి అందుకుంది. ఎముక మీద పళ్ళు గీరుకుంటున్న చప్పుడు విన్నాను. నేను కర్రతో దాని నడుం మీద కొట్టిన దెబ్బలకు అది చలించలేదు. ఇద్దరూ కలిసి దొర్లారు. ఆ దొర్లుడులో సైదాబీ మొహం మీది గుడ్డ ఊడి మెడలో పడింది.

కుక్క పట్టు వదిలేసింది.

ఆమె మొహంలోకి చూసింది. నోటినిండా ఆమె నెత్తురే. చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకానించి, తోక ఊపింది. అన్నం ముద్దకు ఊపే ఊపే అది. మరుక్షణం హీనా మూలిగింది. కుక్క తల అటు తిరిగింది, మెడ మీద వెంట్రుకలు లేచాయి. హీనా మొహాన చిరిగిన గుడ్డ ఇంకా వేలాడుతోంది.

అప్పుడు అర్థమైంది సైదాబీకి. కూతురి మీద బోర్లా పడి, పళ్ళతో, బాగున్న ఒక్క చేత్తో ఆ గుడ్డను పీకి అవతల పారేసింది. "గుడ్డలు తియ్యండే! మొహాలు చూపించండే దానికి!" అని అరిచింది. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి గుడ్డలు లాగేశారు. ఘాటుకు దగ్గుతూ, ఏడుస్తూ, ఉత్త మొహాలతో నిలబడ్డారు. కుక్క ఒక్కొక్కరినే చూసి, మధ్యలో కూర్చుండిపోయింది.

కోటేష్ గునపంతో పరుగెత్తుకొచ్చాడు. వచ్చీ రావడంతోనే దాని ముందుకాలు విరగ్గొట్టాడు. రెండో దెబ్బ పక్కటెముకల మీద. అతని మొహానికి గుడ్డ లేదు కాబట్టి అది తిరగబడలేదు, పాక్కుంటూ అతని కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఆ పూట సైదాబీ కూడా అంది, "చంపెయ్ రా దాన్ని" అని. ఏ తల్లయినా అంటుంది.

గుంటూరు పెద్దాసుపత్రిలో హీనా చెంపకు కుట్లు వేసి, పుండు చుట్టూ సూదులు పొడిచి, డాక్టరు అడిగాడు. "కుక్కకు టీకా వేయించారా?" లేదు. "కుక్క బతికుందా? చంపొద్దు. పది రోజులు కట్టేసి చూడండి. అది బాగుంటే మీ అమ్మాయికి రేబిస్ భయం ఉండదు."

సాయంత్రం సైదాబీ చేతికట్టుతో ఆటో దిగేసరికి మా ఊరి కుర్రవాళ్ళు కుక్కను కరెంటు స్తంభానికి కట్టేసి రాళ్ళతో కొడుతున్నారు. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. ఆమె ఎవరింట్లోనో కొడవలి అందుకుని స్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

"రాయి ఇసిరినోడి చెయ్యి నరుకుతా. నా కూతురి పానం దీంట్లో ఉంది రా!"

ఒకడు విసిరాడు. అది ఆమె భుజానికి తగిలింది. కొడవలి ఎత్తి వాడి మీదకు ఉరికితే వాడు కాలవ దాకా ఆగకుండా పరుగెత్తాడు. అంతటితో జనం సర్దుకున్నారు.

కుక్క వైద్యానికి ఒక్క రూపాయి పెట్టనన్నాడు కోటేష్. చస్తే చావనీ అన్నాడు. ముఠా ఆడవాళ్ళు ఒక రోజు కూలి పోగేసి దాన్ని ట్రాలీ ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు. మందులూ కాలికి పట్టీ బయట కొనుక్కోవాల్సి వచ్చింది. "ఓనర్ ఏడమ్మా?" అని క్రిస్టీనా గారు అడిగితే, "ఆయనకు పౌరుషం ఎక్కువండీ, ఆసుపత్రులకు రాడు" అంది సైదాబీ.

ఆ పది రోజులూ సూదులకు తప్ప హీనా గది దాటలేదు. ఆ పిల్ల మొహానికి ఇప్పుడు ఆసుపత్రి కట్టు ఉంది. కిటికీలో ఆ తెల్లకట్టు కనిపిస్తే చాలు, సైదాబీ తెచ్చి వాకిట్లో కట్టేసుకున్న కుక్క మూడు కాళ్ళ మీద లేచి గొలుసు తెంపుకోబోయేది. సైదాబీ దాని ముందు గిన్నె పెట్టి, నీళ్ళు తాగుతోందా, మింగుతోందా అని కళ్ళప్పగించి చూసేది. అది నీళ్ళు తాగిన ప్రతిసారీ లోపలికి వెళ్ళి కూతురికి చెప్పేది. కొన్నిసార్లు దాన్ని చంపాలనిపించి కొడవలి తీసుకునేది, మళ్ళీ గోడకు తగిలించేది. ఆ సంగతి ఆమే నాతో చెప్పింది.

పది రోజులు దాటాయి, కుక్క బతికే ఉంది. హీనా కట్టు విప్పారు. మర్నాడే కోటేష్ వచ్చాడు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. కుక్క మళ్ళీ ఎదకొచ్చిందని తెలిసి పిల్లలకు ఒంగోలు నుంచి బేరం కుదుర్చుకున్నాడట.

"జాతే అట్టాంటిది పిన్నీ. నా తప్పేముంది? ఇచ్చెయ్, తీసుకుపోతా" అన్నాడు.

సైదాబీ అరుస్తుందనుకున్నాం. అరవలేదు. లోపలికి వెళ్ళి, కల్లంలోంచి ఏరి దాచిన గుడ్డ తెచ్చింది, ఆ రోజు హీనా మొహాన ఉన్నది. నెత్తురెండి అట్టకట్టి ఉంది. అతని చేతిలో పెట్టింది.

"తీసుకుపో నాయనా, నీ కుక్కే. ఈ గుడ్డ మొహానికి కట్టుకుని గొలుసు విప్పుకుని పో."

వీధంతా చూస్తోంది. పెద్దమనుషులకు అర్థం కాక, "కట్టుకోవయ్యా, దానికేముంది" అన్నారు. కోటేష్ గుడ్డను గడ్డం దాకా ఎత్తాడు. గోడ వార పడుకున్న రాణి లేచింది. మొరగలేదు. పెదవులు మాత్రం వెనక్కి పోయాయి. గుడ్డ కింద పడేశాడు. అతను వెనక్కి అడుగులేసి, గేటు తగిలి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. పెద్దమనుషులు తలలు వంచుకుని అతని వెనకే నడిచారు.

తరువాత రాణికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా రెండూ చేయించారు. అది కుంటుతూ ఆ వాకిట్లోనే తిరుగుతుంది. హీనా చెంప మీద మచ్చ పెదవి దాకా ఉంది. దాన్ని చూసి ఆ కుక్క ఇప్పటికీ తల దించుకుంటుందని హీనా అంటుంది గానీ, తను మాత్రం దాని దగ్గరికి వెళ్ళదు.

కోటేష్ వెళ్ళిపోయిన ఆ సాయంత్రం సైదాబీ కిందపడ్డ గుడ్డ తీసి, సబ్బు రుద్ది, రాయికేసి బాది ఉతికి తీగ మీద ఆరేసింది. మర్నాడు పొద్దున్నే మా కల్లంలో పని ఉంది. అదే కట్టుకుని వచ్చింది.