గిటార్ ముక్క కోసం కడప దాకా

శనివారం పొద్దున ఐదున్నరకు కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. భుజాన గిటార్, చొక్కా జేబులో అగ్గిపెట్టె. ఆ అగ్గిపెట్టెలో రెండు ముక్కలైన ఇత్తడి దిమ్మ ఉంది. దాని కోసమే ఈ ప్రయాణం.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. పగలు నేను మార్కెట్ యార్డులో గుమస్తాను. పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో గిటారిస్టును, ఇరవై రెండేళ్లుగా. నాది పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటార్. దాని ఆరు తీగలూ ఆరు చిన్న దిమ్మల మీద ఆనుకుని ఉంటాయి, శాడిళ్లు అంటారు వాటిని. పోయిన వారం ఒక రిసెప్షన్లో పెళ్లికొడుకు స్నేహితులు స్టెప్పులేస్తుండగా మూడో తీగ శాడిల్ టప్పున విరిగింది. ఆన్‌లైన్లో తెప్పించినవి ఒక్కటీ సరిపోలేదు, ఈ పాత మోడల్ కొలతలే వేరట. కర్నూలు లేతు షాపుల్లో అడిగితే, "ఇంత సన్నది మా మిషన్లో పెడితే మళ్లీ కనపడదు. ట్రాక్టర్‌ది ఏమన్నా ఉంటే తీసుకురా" అన్నారు.

ఇంతలో మా కీబోర్డు ప్రదీప్ నన్ను ఓదార్చాడు. "ఏం కాదులేన్నా. కీబోర్డులో గిటార్ సౌండు ఉండాది. నువ్వు ఊరికే పట్టుకోని నిలబడు, ఫోటోలకు బాగుంటాది."

పాపం, ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆదివారం సాయంత్రం పత్తికొండలో ప్రోగ్రాం. ఒక్కసారి ఉత్త గిటార్ పట్టుకుని నిలబడ్డానంటే, ఇక ఈ జన్మకు నన్ను నిలబెట్టడానికే పిలుస్తారు.

నందికొట్కూరులో బోర్ మోటార్లు బాగుచేసే మా బామ్మర్ది దారి చూపించాడు. "కడపలో ఒక భాయ్ ఉండాడు బావా. మంగంపేట గనుల మిషన్లకు ముక్కలు చేసిస్తాడు. ఆయనతో కాలేదంటే ఇంక ఎవురితోనూ కాదు." ఆ భాయ్ పేరు ఎందుకు రాయడం లేదో తర్వాత చెబుతాను.

బస్సు కదలగానే కండక్టర్ గిటార్ సంచిని పైనుంచి కింది దాకా చూశాడు. ఒళ్లో పెట్టుకుంటానన్నాను. "ఒళ్లో కూర్చునే వయసు దాటిపోయిందిలేప్పా దీనికి" అని లగేజి టికెట్టు చేతిలో పెట్టాడు.

ఏడింటికి నంద్యాల. పది నిమిషాలు ఆపారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నా సలహా, బజ్జీ తిన్న చేత్తో కన్ను నులుముకోకండి. ఆళ్లగడ్డ దాకా నేను ఒంటికన్నుతోనే ప్రయాణం చేశాను. చాగలమర్రి, మైదుకూరు దాటి పదిన్నరకు కడపలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది.

షేర్ ఆటోలో లేతు షెడ్లున్న వీధికి చేరాను. భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. తెల్లగడ్డం, దారంతో కట్టిన కళ్లద్దాలు. అగ్గిపెట్టెలో ముక్కల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఏ మిషన్‌దప్పా?"

"గిటార్‌ది భాయ్."

"ఎంత లోడు లాగుతాది?"

పెళ్లి ట్రూపు మొత్తాన్ని లాగుతుందని చెప్పాను. ఆయన నవ్వలేదు. వెర్నియర్ తీసి కొలతలు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. మూల డబ్బాలోంచి అరిగిపోయిన బోర్ మోటార్ బుష్షు ఒకటి తీశాడు. "మంచి ఇత్తడి. నీళ్లలో ఏండ్లు ఏండ్లు తిరిగింది, నీ పాటకు ఆగదా?" అన్నాడు. దాన్ని కోసి, లేతుకు బిగించి, అంచులు తిప్పి, ఆకురాయితో సాపు చేశాడు. సూదంత రంధ్రం వేసి దాంట్లో సన్న మర కోసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. ఒకటిన్నరకు శాడిల్ తయారైంది. అచ్చం పాతదే!

"నువ్వు పోయి తినేసి రా. నేను బిగించి పెడతా" అన్నాడు.

అక్కడే తప్పు చేశాను. వెళ్లి కారం దోశలు రెండు లాగించి, తిరిగొచ్చేసరికి రెండుంబావు. గిటార్ బల్ల మీద ఉంది. కొత్త శాడిల్ మెరుస్తోంది. భాయ్ ముఖం అంతకంటే మెరుస్తోంది.

"చూడు! ఆరూ అడ్డదిడ్డంగా ఉండె. ఒకటి ముందుకు, ఒకటి ఎనక్కు. ఎవురు బిగించినారోగాని పనిమంతుడు కాదు. స్కేలు పెట్టి ఒక లైనుకు తెచ్చినా."

నా గుండె జారి దోశల మీద పడింది. శాడిళ్లు అలా ముందూ వెనకా ఉండాల్సిందే. ఒక్కో తీగ మందం ఒక్కో రకం, దాన్ని బట్టి నిడివి సవరిస్తారు. అప్పుడే మెడ పొడుగునా స్వరం తప్పకుండా పలుకుతుంది. ఎప్పుడో బెంగళూరులో ఒక పెద్దాయన సరిచేసి ఇస్తే, ఆ తర్వాత నేను భయంతో ముట్టుకోలేదు. ఏది ఎక్కడుండేదో గుర్తు కూడా పెట్టుకోలేదు.

"అయ్యో భాయ్! వంకరగా ఉంటేనే కదా ఇది సరిగ్గా పలికేది!" అని అరిచాను.

"వంకరగా ఉంటేనే సరిగ్గానా? ఇదేం మిషనప్పా!" ఆయనా అరిచాడు.

కోపం దిగాక ఇద్దరం కూర్చున్నాం. తీగను వదిలి మీటినప్పుడు వచ్చే స్వరమూ, సగంలో నొక్కి మీటినప్పుడు పై స్థాయిలో వచ్చే అదే స్వరమూ కచ్చితంగా కలవాలి, కలిసేదాకా శాడిల్ జరపాలి అని వివరించాను. ఫోన్లో స్వరం చూపించే యాప్ ఉంది. కానీ పక్క షెడ్డులో గ్రైండర్ ఉంది. యాప్ నా తీగను వదిలేసి ఆ గ్రైండర్ శ్రుతినే చూపిస్తోంది. స్పీకర్‌కు తగిలించని ఎలక్ట్రిక్ గిటార్ ఆ గోలలో నాకే వినపడలేదు.

భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మొన గిటార్ చెక్కకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మోటార్లో బేరింగు పోయిందో లేదో వాళ్లు వినేది అట్లాగే.

"కొట్టు" అన్నాడు. కొట్టాను. "ఇప్పుడు నొక్కి కొట్టు." నొక్కి కొట్టాను. "రెండోది రవ్వంత స్పీడు తిరుగుతాంది."

స్పీడు అంటే స్వరం హెచ్చు. శాడిల్ వెనక్కి జరిపాను. "ఇంకా రవ్వంత." మళ్లీ జరిపాను. "ఆ! రెండూ ఒకే స్పీడు." నాకు నమ్మకం కుదరక గ్రైండర్ ఆగినప్పుడు యాప్‌లో చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై రెండేళ్లు వాయించిన నా చెవి కంటే, ఒక్క పాటా నేర్వని ఆయన చెవి నిక్కచ్చిగా ఉంది. నాకు సిగ్గేసింది, దాని వెనకాలే చెప్పలేనంత సంతోషం వేసింది.

నాలుగున్నరకు ఆరు తీగలూ కుదిరాయి. శాడిళ్లు మళ్లీ అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. భాయ్ వాటిని చూసి బాధగా తల తిప్పుకున్నాడు. "నా పేరు మాత్రం యాడా చెప్పొద్దప్పా. వంకర పని చేసినానంటారు." అందుకే రాయలేదు. నేను బయల్దేరుతుంటే ఆ స్క్రూడ్రైవర్ నా సంచిలో పెట్టాడు, మళ్లీ అవసరం పడుతుందని.

ఐదుంబావుకు తిరుగు బస్సు. మైదుకూరులో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. నంద్యాలలో కూతురింటికి పోతోందట.

"ఏమప్పా అది, తుపాకీనా?"

"గిటారవ్వా."

"యాదీ, వాయించు."

సంచి విప్పి వాయించాను. బస్సు రొదలో ఏమీ వినపడలేదు. "దీనికేనా కడపకు పొయ్యొచ్చినావు? మా ఇంట్లో దోమ ఇంతకంటే గట్టిగా అరుస్తాది" అంది.

అప్పుడే ప్రదీప్ ఫోన్. రొదకు స్పీకర్ పెట్టాను. "అన్నా, రేపటికి గిటార్ సౌండు సేవ్ చేసి పెట్టినా. నువ్వు ఊరికే పట్టుకోని నిలబడు, చాలు."

"ఎవురప్పా వాడు? ఎందుకు నిలబడాల?" అంది అవ్వ. చెప్పాను. ఫోన్ కట్ చేయకుండానే సీటు మీద పెట్టి, స్క్రూడ్రైవర్ తీసి, మొన చెక్కకు ఆనించి, పిడి ఆమెను చెవికి పెట్టుకోమన్నాను. పెళ్లికూతురు స్టేజి ఎక్కేటప్పుడు మేం వాయించే రాగం ఎత్తుకున్నాను. అవ్వ ఉలిక్కిపడింది. తర్వాత కదల్లేదు. రాగం అయ్యేదాకా నోరు తెరుచుకుని విని, సీటు మీది ఫోన్ తీసుకుంది.

"ఏమప్పా, నేను చెవి పెట్టి ఇన్యా. శానా బాగా పలుకుతాండాది. రేపు నువ్వే నీ పెట్టె మూసుకోని నిలబడు."

అవతల నుంచి "సరే అవ్వా" అన్నాడు ప్రదీప్.

ఆళ్లగడ్డలో టీకి ఆపారు. నేను దిగలేదు, అవ్వ దిగనివ్వలేదు. నంద్యాల వచ్చేదాకా ఆ స్క్రూడ్రైవర్ ఆమె చెవికే ఆనుకుని ఉంది.