ఐదో చీర

ఇంటి ధర చేతిలో ఉంటే ఇల్లు వచ్చేస్తుందనుకునే అమాయకులు ఉంటారా అని నన్నడగొద్దు. ఆ అమాయకులం మేమే.

అప్పుడు ఎమ్మిగనూరులో అద్దెకుండేవాళ్లం. షావుకారు ఇచ్చే నూలుతో మా ఆయన చీరలు నేసేవాడు. మగ్గం చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఇంటివాళ్లు నెలలోగా ఖాళీ చేయమన్నారు. గుంత మగ్గాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతామా? పక్క వీధిలో మట్టి మిద్దె అమ్మకానికొస్తే బయానా ఇచ్చేశాం. పై ఖర్చులు మా ఆయన వేళ్లు మడిచి లెక్కేశాడు. స్టాంపు కాగితాలు, దస్తావేజు రాసేవాడి కూలి, ఆదోనికి బస్సు, సాక్షులకు కాఫీ టిఫిను. ఇంకో ఇరవై పక్కన పెట్టమన్నాను. నీకన్నీ అనుమానాలే అన్నాడు మహానుభావుడు.

ఆ ఇంటి పెద్దాయన పోయి ఏడాదైంది, అమ్మేది ఆయన కొడుకు. కొత్త చట్టం వచ్చింది, ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాలి అన్నాడు దస్తావేజు రాసేవాడు. పుట్టింటి మీద హక్కు వదులుకునే ఆడపిల్లకు కొన్నవాళ్లు ఒళ్లో చీర పెట్టాలి. అది మాకూ తెలుసు. కానీ ఎంతమంది అని అడిగితేగా! ఇంటి ఆడపిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా ఆయన నోరే విప్పలేదు. ఇద్దరుంటారులే అనుకుని రెండు చీరలు కొన్నాం.

రిజిస్ట్రీ రోజు ఆ ఇంటి ముందుకు వెళ్లేసరికి ఐదుగురు అక్కచెల్లెళ్లు బయటికొచ్చారు. మా సంచిలో చూస్తే రెండు చీరలే. అందరికన్నా చిన్నామె చివర వచ్చింది. పాత నీలం చీర, చెంగున ఇంత ఎర్ర అతుకు. వంగి గడపను తాకి చేతులు కళ్లకద్దుకుంది.

ఆదోనిలో ఆఫీసు వరండాలో పెద్దక్క రెండు చీరలూ చూసి మా ఆయన వైపు తిరిగింది.

"మగ్గమున్నోళ్లు, మీకు సీరలకేం కరువప్పా? మా నాయన ఇంటికి ఏలిముద్ర ఏసి ఉత్త సేతుల్తో పోవల్లనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దస్తమానం చీరలు నేసే ఇంట్లో ఒక్క పోగు మాది కాదని ఆమెకెలా చెప్పేది? మా ఆయన బజారుకు పరుగెత్తి, బస్సు డబ్బులు మాత్రం మిగిల్చి, ఇంకో రెండు తెచ్చాడు. నలుగురు వేలిముద్రలు వేశారు. చిన్నామె గోడ పక్కన అలాగే నిలబడింది. ఆఫీసు మూసే వేళవుతోంది. ఈరోజు కాకపోతే ఇంటిని పత్తి దళారీకి ఇస్తానని వాళ్ల తమ్ముడు అప్పటికే రెండుసార్లన్నాడు. అప్పుడు బయానా పోతుంది, నెలాఖరుకు మేం వీధిన పడతాం.

ఆమెను గోడ వెనక్కి తీసుకెళ్లాను. నా ఒంటి మీదున్నది నా పెళ్లి చీర, ఉన్నవాటిలో మంచిది అదొక్కటే. కట్టిన చీర ఒళ్లో పెట్టకూడదు, ఏం చేయను తల్లీ అని ఏడ్చేశాను. ఆమె హాలహర్వి దిక్కు కూలి మనిషి. నా కళ్లు తుడిచి అంది.

"పెట్టొద్దులేక్కా. మార్సుకుందాం. అక్కసెల్లెండ్లు మార్సుకోరా?"

ఆమె కప్పుకున్న దుప్పటి ఒకరికొకరం అడ్డం పట్టుకుని మార్చుకున్నాం. నా చీరలో ఆమె లోపలికెళ్లి వేలిముద్ర వేసింది. నన్ను చూసి మా ఆయన ముందు గుర్తుపట్టలేదు, పట్టాక తల దించుకున్నాడు.

చీకటి పడే వేళకు తాళంచెవితో ఆ ఇంటి ముందుకొచ్చాం. ఇల్లు మాది అయిందన్న సంతోషం ఒక పక్క, పెళ్లి చీర పోయిన కడుపుమంట ఒక పక్క. గడప తాకుదామని వంగాను. చూపు తగ్గిన పక్కింటి ముసలామె అరుగు దిగి వచ్చి, ఆ ఎర్ర అతుకు మీద చెయ్యి వేసింది.

"ఏడవద్దు బిడ్డా. పుట్టినిల్లు అమ్ముకుండేది ఎవురికైనా కష్టమే. ఒక్కసారి లోపలికి పోయి సూసుకోనిరా. కొన్నోళ్లు మంచోళ్లయితే ఏమీ అనరులే."

తాళంచెవి కొంగులో దాచుకుని అక్కడే నిలబడ్డాను.